తూదా సైకిల్ మీద కెల్తూమ

మా ఊరు తారూదాంత్‌లో ఆడవాళ్ళను మొహం చూసి గుర్తుపట్టేవాళ్ళు లేరు. అలా పట్టాలని చూసేవాడికి పనీపాటా లేదని అర్థం. తల మీంచి మడమల దాకా మెల్హఫా చుట్టుకుని, దాని అంచు ముక్కు మీదికి లాక్కుని, దుమ్ములో సైకిల్ తొక్కుకుంటూ పోయే మనిషిలో బయటికి కనబడేది రెండు కళ్ళూ, రెండు చెప్పులూ. అందుకని ఊరు సైకిల్‌ని గుర్తుపడుతుంది. వెనక నీలం ప్లాస్టిక్ పెట్టె కట్టిన ముదురెరుపు సైకిల్ వస్తే కెల్తూమ వస్తున్నట్టు. రేకు డబ్బా కట్టిన ఆకుపచ్చ సైకిల్ వస్తే తూదా వస్తున్నట్టు, ఆమెతో తగువున్నవాళ్ళు కాస్త పక్కకు తప్పుకోవాలన్నట్టు. సలాములు సైకిల్‌కే, కబుర్లూ సైకిల్‌కే. ఒకసారి ఒక కొత్త కోడలు అత్తగారి సైకిల్ వేసుకుని రొట్టెల పొయ్యి దగ్గరికి వెళితే, దారి పొడుగునా జనం ఆమెను ఆపి ఆమె మీద ఆమెకే చాడీలు చెప్పారు. ఆ పిల్ల ఇంటికొచ్చి నెల రోజులు ఎంత బుద్ధిగా మసలుకుందో, అత్తగారు ఎందుకో అర్థంకాక భయపడింది.

కెల్తూమ పెళ్ళిళ్ళకూ పిల్లల పేరు పెట్టే విందులకూ కుస్కుస్ చుట్టి ఇచ్చే మనిషి. పిండి మీద నీళ్ళు చిలకరించి, అరచేతుల కింద గింజ గింజగా దొర్లించి, ఎండబెట్టి, సంచుల్లో నింపి నీలం పెట్టెలో పెట్టుకుని ఇల్లిల్లూ చేరవేసేది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, లహుసీన్. సంత వీధిలో తాళ్ళూ జల్లెళ్ళూ బుట్టలూ అమ్మే కొట్టు వాడిది. కోడలు మంచిదే. మనవలు అల్లరివాళ్ళే. కెల్తూమకు జీవితంలో పెద్ద కష్టాలేవీ లేవని ఊరనేది. ఉన్నా సైకిలెక్కితే అవి కింద పడిపోయేవని ఆమె అనేది.

సైకిల్ నేర్పింది తూదాయే. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో ఇద్దరూ కోటగోడ బయట నారింజపళ్ళు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో పనికి పోయేవాళ్ళు. తెల్లారగట్ల ఆడవాళ్ళందరూ గుంపుగా సైకిళ్ళ మీద బయల్దేరితే, కెల్తూమ ఒక్కతే నడిచి వెళ్ళి ఆలస్యమై మేస్త్రీ చేత మాటలు పడేది. చూడలేక తూదా ఒక మధ్యాహ్నం ఆమెను గోడ బయటి బోడి నేల మీదికి లాక్కుపోయింది. తూదా నేర్పడమంటే తిట్టడమే. "ముందుకి చూడవే, చక్రం వంక చూస్తావేంటి, అదేమన్నా పారిపోతుందా!" అని వెనకాల పరుగెత్తుతూ తిట్టిన తిట్లకు దారినపోయే గాడిదలు కూడా ఆగి చూశాయి. ఆ సాయంత్రానికల్లా కెల్తూమ తొక్కింది. మొట్టమొదట ఆమెకు తెలిసింది ఏమిటంటే, ఊరు బల్లపరుపుగా ఉందని అందరూ చెప్పేది ఉత్త అబద్ధమని. పుట్టినప్పటినుంచి నడిచిన వీధులే. కానీ సైకిలెక్కాకే తెలిసింది, పెద్ద మసీదు నుంచి అస్సరాగ్ చౌకు దాకా ఊరు ఎవరికీ చెప్పకుండా కొంచెం పల్లంగా దిగుతుందని. కాళ్ళు ఆపేసినా బండి దానంతటదే పోతుంటే, ఊరే తనను చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నట్టనిపించి ఆమె గట్టిగా నవ్వేసింది. మెల్హఫాలో ఉంది గనక ఎవరు నవ్వారో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళూ ఆమె దగ్గరి దారిన వెళ్ళింది లేదు. జీలకర్ర అంగళ్ళ సందు నుంచి మొదలుపెట్టి, తోళ్ళు శుద్ధిచేసేవాళ్ళ సందులో కంపుకు ఊపిరి బిగపట్టి, అవతల రొట్టెల పొయ్యి మలుపులో ఆ బిగపట్టిన ఊపిరి వదిలేది. అక్కడ పీల్చే మొదటి గాలి అంత రుచిగా ఉంటుందని తూదాకు చెప్పబోతే, "నీకు ఆకలేస్తోంది, అంతే" అంది తూదా. సీటు మీద కూర్చుంటే తల సరిగ్గా తోటల మట్టిగోడలకు పైన లేస్తుంది. నడిచేవాడికి గోడే కనబడుతుంది, కార్లో కూర్చున్నవాడికి గోడ అడుగు కనబడుతుంది, కెల్తూమకు మాత్రం లోపల దానిమ్మ పూసిందీ, ఖాజీగారు చెట్టు కింద నోరు తెరుచుకుని నిద్రపోయిందీ, ఆయన భార్య ఆయన టోపీలో బఠాణీలు ఒలుస్తున్నదీ కనబడేవి. వేసవి సాయంత్రాల్లో కోటగోడ పొద్దంతా తాగిన ఎండను వదులుతుంటే, గోడకు దగ్గరగా తొక్కితే ఒక చెంప వెచ్చగా, రెండో చెంప చల్లగా ఉండేది. తూదా పక్కనుంటే ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యేసుకుని జోడుగా తొక్కేవాళ్ళు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగి, చివరికి ఆ ఇద్దరూ మాట్లాడుకునేది వినడం మొదలుపెట్టేవాళ్ళు.

ఇంటికి వచ్చాక ఇదంతా కొడుక్కి చెప్పాలి. చెప్పకపోతే ఆమెకు అన్నం సయించదు. వాడు ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేవాడు.

పోయిన చలికాలంలో బాబ్ తర్‌గూంత్ కోట గుమ్మం దగ్గర సైకిల్ మీంచి పడింది. ఎందుకు పడ్డావంటే గొయ్యి అని చెప్పింది. లహుసీన్ మునిసిపాలిటీ వాళ్ళ మీద పడి, పోట్లాడి, లేని గొయ్యిని పూడ్పించాడు. అసలు సంగతి కొంగ. బురుజు మీద గూడు కట్టుకుంటున్న పెద్ద కొంగ ఒకటి ఎవరిదో ఎర్ర మేజోడు ముక్కున కరుచుకుని తల మీంచి ఎగిరిపోయింది. ఆ మేజోడు ఎవరిదా అని కెల్తూమ తలెత్తి చూసింది. చూస్తూ చూస్తూ ఖర్జూరాల బండికి గుద్దుకుంది. ముంజేయి విరిగింది. ఖర్జూరాల మధ్య పడుకుని కూడా ఆమె కొంగ ఎటు పోయిందా అనే చూసిందని ఖర్జూరాలవాడు ఇప్పటికీ చెబుతాడు.

లహుసీన్ ఆసుపత్రికి ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా పరుగెత్తుకొచ్చాడు. తల్లి బాగున్న చెయ్యి పట్టుకుని నర్సుల ముందే ఏడ్చాడు. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని, "ఇక సైకిల్ లేదు" అన్నాడు. ముదురెరుపు సైకిల్‌ని కొట్టుకు మోసుకుపోయి, తాళ్ళకూ జల్లెళ్ళకూ మధ్య పైకప్పు కొక్కేనికి వేలాడదీశాడు. ఆమె రాకపోకలకు బూజ్మా అనే అతని గుర్రబ్బండి కుదిర్చాడు.

బూజ్మా మంచివాడు, గుర్రం అంతకన్నా మంచిది. కానీ ఆ బండిలో వెనక సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. సైకిల్ మీద ఊరు ఎదురొచ్చేది. ఇక్కడ ప్రతిదీ అయిపోయాక కనబడుతుంది. రొట్టెల వాసన వచ్చి, అది ఎక్కడిదో తెలిసేసరికి పొయ్యి దాటిపోతుంది. ఎవరో సలాం చెబితే ఈమె తిరిగి చెప్పేలోగా వాళ్ళు చిన్నగా అయిపోతారు. అసలు సలాం చెప్పేవాళ్ళే తగ్గారు. బండిలో నల్ల మెల్హఫా కట్టుకుని కూర్చున్న ఆడమనిషి ఎవరైనా కావచ్చు. "ఏం లాల్లా, మెత్తగా ఉందా?" అని బూజ్మా మర్యాదగా అడిగేవాడు. "మెత్తగానే ఉంది" అనేది కెల్తూమ. కట్టు విప్పారు, చెయ్యి అతుక్కుంది, పిండి కలుపుతోంది, మనవణ్ణి ఎత్తుకుంటోంది. ఒకసారి ధైర్యం చేసి సైకిల్ మాటెత్తింది. "యమ్మా, నీకేమన్నా అయితే నేను బతకను" అన్నాడు వాడు. అంత మాట అన్నాక ఏ తల్లి మాత్రం ఏమంటుంది? బాగానే ఉంది నాయనా, బండే బాగుంది అంది.

ఆ బాగుందన్నమాటే కొంప ముంచింది. శుక్రవారం అందరూ కుస్కుస్ పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు లహుసీన్ చెప్పాడు: "ఎల్లుండి సంతకి బావమరిది వ్యాను వేసుకుని వస్తున్నాడు. వాళ్ళమ్మాయికి బడి దూరమట. ఆ సైకిల్ ఊరికే వేలాడుతోంది గదా, పట్టుకుపొమ్మన్నాను. నీకేం అభ్యంతరం లేదుగా యమ్మా?"

కెల్తూమ పళ్ళెంలో తన ముందున్న గింజలు వేలితో కుప్ప చేసింది. బడికి పోయే ఆడపిల్లకు సైకిల్ ఇవ్వద్దని ఏ మొహం పెట్టుకుని అంటుంది? "నాకేం అభ్యంతరం" అంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా?

శనివారం పొద్దున ఊరి స్నానశాల హమ్మాంలో తూదా ఆమె వీపు రుద్దుతూ కథంతా విన్నది. విన్నకొద్దీ రుద్దడం గట్టిపడింది.

"అమ్మో, చర్మం ఊడొస్తోందే!" అంది కెల్తూమ.

"ఊడనీ. నోరున్నా లేనట్టే ఉండేదానికి చర్మం ఎందుకు? అడిగినప్పుడు నాకు కావాలని చెప్పడానికి ఏమొచ్చింది?"

"వాడు భయపడ్డాడే."

"మగాళ్ళు భయపడితే మనం గుర్రబ్బండెక్కాలా? మా ఆయన కుక్కకి భయపడతాడు. నేను వీధిలోకి రావడం మానేశానా?" తూదా చెంబుడు నీళ్ళు ఆమె నెత్తిన గుమ్మరించి, గొంతు తగ్గించింది. "విను. బయట నా సైకిల్ ఉంది. నా నీలం మెల్హఫా ఉంది. నేను ఇక్కడ ఇంకా తలకి మట్టి పట్టించుకుని, అది ఆరేదాకా కూచుని, కడుక్కుని, మళ్ళీ పట్టిస్తాను. నువ్వు ఒక్క చుట్టు తిరిగి రా. కళ్ళారా చూసుకో. రేపట్నుంచీ లేదనుకుంటే ఇవాళైనా దక్కించుకో."

"ఎవరైనా చూస్తే?"

"చూస్తే తూదా పోతోందనుకుంటారు. నువ్వు నోరు మాత్రం విప్పకు, నీ గొంతు పావురం గొంతు. ఇంకో మాట. పుదీనా అమ్మే హమ్మాద్‌తో నాకు మాటల్లేవు. వాడు పిలిస్తే అటు తల తిప్పు. నవ్వావంటే చూడు, ఇన్నాళ్ళ నా కష్టమంతా వృథా."

కెల్తూమ తడి జుట్టు మీదే నీలం మెల్హఫా చుట్టుకుంది. ఆకుపచ్చ సైకిల్ సీటు కాస్త ఎత్తు. బిస్మిల్లా అని కాలు వేసింది. ముంజేయి ఒక్కసారి చురుక్కుమంది, తర్వాత దాని సంగతి అది మర్చిపోయింది.

నారింజ పూల కాలం. వీధి చెట్లన్నీ విరగబూసి, గోడల లోపలి గాలంతా తియ్యగా ఉంది. పూత మొదలైనప్పటినుంచీ ఆ వాసన ఆమెకు బండిలో వెనకనుంచే తగిలింది. ఇవాళ ఎదురొచ్చి మొహాన కొట్టింది. కెల్తూమకు ఏడుపొచ్చింది, అంతలోనే నవ్వొచ్చింది, రెండూ తూదా మెల్హఫాలో దాచుకుంది. సందు చివర ఉత్తరాన కొండల మీద మంచు ఇంకా కరగలేదు. తోలు సందులో ఊపిరి బిగబట్టింది. పొయ్యి మలుపులో వదిలింది. ఊరు ఉన్నచోటే ఉంది. ఖాజీగారి గోడ మీద కొత్తగా సున్నం వేశారు. ఆయన ఇంకా నిద్రపోతూనే ఉన్నాడు. మసీదు దగ్గర కాళ్ళు ఆపేసింది. చూద్దాం, గుర్తుందో లేదో అని. ఆకుపచ్చ సైకిల్ మెల్లిగా దానంతటదే దిగడం మొదలుపెట్టింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కణ్ణుంచే తూదా బతుకు ఎదురు రావడం మొదలైంది.

"లాల్లా తూదా!" అని పుదీనా మోపుల వెనకనుంచి కేక. హమ్మాద్. "ఎన్నాళ్ళని ఈ మౌనం? ఆ రోజు కట్టలో వాడిన ఆకు పెట్టానే అనుకో, మనిషన్నాక పొరపాటు చెయ్యడా? అల్లా క్షమిస్తాడు, నువ్వు క్షమించవు!"

తల తిప్పాలి. కెల్తూమ నిజంగానే తిప్పబోయింది. కానీ జీవితంలో పిలిచినవాడి వంక చూడకుండా పోయిన మనిషి కాదే. తల దానంతటదే ఊగింది. హమ్మాద్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. పరుగున వచ్చి రేకు డబ్బాలో ఇంత పుదీనా కట్ట పెట్టి, "నీ మనసు వెన్న! ఊళ్ళో వాళ్ళు ఊరికే అంటారు!" అన్నాడు. ఊళ్ళో వాళ్ళు తూదాను ఏమంటారో కెల్తూమకు తెలుసు గనక నవ్వు ఆపుకోవడానికి బెల్లు కొట్టింది.

చౌకులో పరిస్థితి ఇంకా ముదిరింది. టీ కొట్టు ముందు కుర్చీలో తూదా భర్త బిహీ కూర్చున్నాడు. భార్యాభర్తలకు పది రోజులుగా మాటల్లేవని ఊరంతటికీ తెలుసు. టీవీ యాంటెన్నా తిప్పబోయి తూదా తులసి కుండీని డాబా మీంచి కింద పడేశాడు, పైగా కుండీ అక్కడెందుకు పెట్టావని అడిగాడు. ఆకుపచ్చ సైకిల్ కనబడగానే ఆయన గ్లాసు కింద పెట్టి రోడ్డు మధ్యకు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"తూదా, అందరూ చూస్తున్నారు, చూడనీ. తప్పు నాదే. కుండీ పెట్టిన చోటే ఉంది, నేనే గుడ్డివాణ్ణి. నువ్వు తిట్టకపోతే ఇల్లు ఇల్లులా లేదే. పొద్దున్నే లేవగానే ఎవరూ ఏమీ అనకపోతే, తెల్లారిందో లేదో నాకెలా తెలుస్తుంది? ఇవాళ తాజీన్ కూర నేనే వండుతాను. మాడిస్తాను, నువ్వు తిట్టు. సరేనా?"

టీ కొట్టంతా చెవులు రిక్కించింది. కెల్తూమ ఇరుక్కుపోయింది. నోరు విప్పితే పావురం గొంతు. విప్పకపోతే ముసలాయన రోడ్డు మీద అలా నిలబడిపోయేలా ఉన్నాడు. అచ్చం తూదాలాగా ముక్కుతో "హూఁ" అంది. బిహీ మొహం విచ్చుకుంది. "హూఁ అంది! విన్నారా, హూఁ అంది!" అని టీ కొట్టు వైపు తిరిగి చెప్పాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. కెల్తూమ సందు దొరకబుచ్చుకుని పెడలు తొక్కింది. ముప్పై ఏళ్ళు ఇదే ఊళ్ళో తిరిగింది, తన సైకిల్‌కు అందే సలాములే ఊరనుకుంది. పక్కనే తొక్కే తూదాకు ఇంత వేరే ఊరు ఉందని ఇవాళే తెలిసింది.

ఇక హమ్మాంకు తిరిగి పోవాలి. తెలివున్న మనిషైతే పోయేది. కానీ ఒక్కసారి తన సైకిల్‌ని చూసి పోదామనిపించింది. సంత వీధిలోకి తిప్పింది.

కొట్టు చీకట్లో, పైకప్పుకు, తాళ్ళ మధ్య వేలాడుతోంది. టైర్లలో గాలి లేదు. నీలం పెట్టెలో ఎవరో చీపుళ్ళు గుచ్చారు. ముందు చక్రం గాలికి కొంచెం కొంచెంగా తిరుగుతోంది. కెల్తూమ వేగం తగ్గించింది, తగ్గించకూడదని తెలిసీ.

"ఖాల్తీ! ఖాల్తీ తూదా! ఒక్క నిమిషం ఆగు!"

తూదాను పిన్ని వరసన ఖాల్తీ అని పిలిచే లహుసీన్ కొట్టులోంచి దూకి వచ్చేశాడు. ఆమె ఒక కాలు నేలకానించి, మెల్హఫా అంచు ఇంకాస్త పైకి లాక్కుంది. కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు.

"నన్ను తిట్టకు ఖాల్తీ, ముందు విను. మా అమ్మ నీతోనే ఉందిగా హమ్మాంలో? ఆవిడ లేనప్పుడే నీతో మాట్లాడాలనుకున్నా. రేపు ఆ సైకిల్ ఇచ్చేస్తున్నా. మాట కూడా ఇచ్చేశా. కానీ..." వాడు తల గోక్కున్నాడు. "అమ్మ ఇంట్లో మనిషిలా లేదు. అడిగితే బాగానే ఉన్నానంటుంది. ఇదివరకు సాయంత్రమైతే నోరు మూతపడేది కాదు. ఎవరి గోడ మీద ఏం పూసింది, ఎవరి పొయ్యి మీద ఏం మాడింది, కొంగలు వచ్చాయా లేదా. నేను ఊఁ కొట్టేవాణ్ణి. వినట్లేదనుకునేదేమో. విన్నాను ఖాల్తీ. పొద్దుణ్ణుంచి ఈ కొట్టు దాటి బయటికి పోని వాణ్ణి, నేను చూసిన ఊరంతా ఆవిడ చెప్పిందే. ఇప్పుడు ఇంట్లో అమ్మ ఉంది గానీ, ఊరు లేదు."

కెల్తూమ రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుంది.

"భయం ఖాల్తీ. ఆ రోజు ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసినప్పుడు... మా నాన్న పోయినప్పుడు కూడా నేను చెప్పు మర్చిపోయి పరుగెత్తలేదు. నేనే వద్దన్నాను, ఇప్పుడు నేనే తొక్కమని ఎలా అంటాను? నువ్వు అడుగు. నేనడగమన్నానని చెప్పకు. ఆవిడకి నిజంగా కావాలా, లేక కళ్ళ ముందు లేకపోతే మర్చిపోతుందా? కావాలంటే ఇచ్చేస్తాను. ఆ పిల్లకి ఇంకోటి చూస్తాను. పడితే పడనీ... కాదు, పడకూడదు. పడొద్దని చెప్పు."

కళ్ళలో నీళ్ళు నిండాయి. బయటికి కనబడేవి ఆ కళ్ళే. కెల్తూమ చటుక్కున తలెత్తి, ఎండ చూస్తున్నట్టు, ఆకాశం వంక చూసింది. ఇంటికి రారా నాయనా, నీకు కొంగల సంగతి చెబుతాను అని గొంతు దాకా వచ్చింది. కానీ తల్లితోనే మాట్లాడానని తెలిస్తే వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. జీవితంలో ఎంతో కష్టపడి ఆపుకున్నవాటిలో ఆ మాట ఒకటి. "హూఁ" అంది తూదా గొంతుతో, గట్టిగా పెడలు తొక్కింది.

"ఆ హూఁ అంటే ఏంటి ఖాల్తీ?" వాడు వెనకనుంచి అరిచాడు. "అడుగుతాననా, అడగననా?"

హమ్మాం బయటి గదిలో తూదా తలకు తువ్వాలు చుట్టుకుని నారింజపండు ఒలుచుకుంటోంది. పుదీనా కట్ట చూడగానే ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "ఇదెవరిచ్చారు?" అంది. కెల్తూమ చెప్పింది. హమ్మాద్ సంగతి వినగానే తొన ఆగింది. బిహీ సంగతి వినేసరికి పండే కింద పడింది.

"ఒక్క చుట్టు తిరిగి రమ్మంటే నా సంసారం సర్దేసి వస్తావా! ఇంకో వారం బిగిస్తే డాబాకి కొత్త రంగు కూడా వేయించేదాన్ని! తాజీన్ వండుతానన్నాడా? వాడా? నిజంగా రోడ్డు మధ్యలో నిలబడి అన్నాడా? మళ్ళీ చెప్పు, మొదట్నుంచీ." రెండోసారి విన్నప్పుడు ఆమె తిట్టలేదు. కింద పడ్డ పండు తీసుకుని, తుడుచుకుని, "ముసలాడు" అని మాత్రం అంది, ఎంతో ముద్దుగా.

అప్పుడు కెల్తూమ కొడుకు సంగతి చెప్పింది. తూదా ఒలిచిన తొన ఒకటి ఆమె చేతిలో పెట్టింది. హమ్మాం ఆవిరికి ఇద్దరి మొహాలూ తడిగానే ఉన్నాయి, ఏది చెమటో ఏది కాదో చెప్పడం కష్టం.

"సరే" అంది తూదా చివరికి. "అడిగింది నన్ను. జవాబు చెప్పాల్సింది నేను. ఏం చెప్పమంటావు?"

"నీకు తెలీదా?"

"నాకు తెలిస్తే చాలదు. నువ్వనాలి. ఇన్నాళ్ళూ బాగానే ఉంది, బాగానే ఉంది అని ఇంతవరకూ తెచ్చింది నీ నోరే. నీ నోటితో అను."

చుట్టూ ఆడవాళ్ళు తలలు దువ్వుకుంటున్నారు. కెల్తూమ తడి జుట్టు ముడి వేసుకుంది. తన కోసం ఒకటి కావాలని ఆఖరిసారి ఎప్పుడు అడిగిందో ఆమెకే గుర్తులేదు.

"నాకు కావాలని చెప్పు" అంది. గొంతు పావురం గొంతే గానీ, పక్కన దువ్వుకుంటున్నావిడ దువ్వెన ఆపి చూసింది. "నా సైకిల్ నాకు కావాలి. మళ్ళీ పడతానేమో. అయినా కావాలి. మర్చిపోనని చెప్పు."

తూదా నీలం మెల్హఫా లాక్కుని చుట్టుకుని, పుదీనా కట్టతో సహా బయటికి నడిచింది. బెల్లు అక్కర్లేకపోయినా రెండుసార్లు కొట్టి పోయింది.

కెల్తూమ గుర్రబ్బండిలో ఇంటికి వచ్చింది. "మెత్తగా ఉందా లాల్లా?" అన్నాడు బూజ్మా. "నీ బండి మెత్తగానే ఉంటుంది బూజ్మా, నాకే కూర్చోవడం చేతకాదు" అంది. అతను గుర్రంతో సహా నవ్వాడు.

సాయంత్రమైంది. పొద్దు వాలి కోటగోడ ఎర్రబడే వేళ ఆమె డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. తీసినవే మళ్ళీ దులుపుతోంది. తూదా ఏం చెప్పిందో, వాడు ఏమన్నాడో. రేపటి సంతకు వ్యాను రానే వస్తుంది. ఒకవేళ తూదా అతిగా తిట్టి మొత్తం చెడగొట్టలేదు కదా? తూదా చేతికి ఏదిచ్చినా ఆ భయం ఉండేదే.

అప్పుడు సందు మొదట్లోంచి కేక వినిపించింది.

"ఓ కెల్తూమా! ఎన్నాళ్ళకెన్నాళ్ళకు!" రొట్టెల పొయ్యి ఆయన గొంతు. వెంటనే పెద్ద నవ్వు. "ఇదేంట్రోయ్, కెల్తూమకి మీసాలొచ్చాయి!"

ఆమె చేతిలో బట్ట జారిపోయింది.

"రేపొస్తుంది" అంటోంది ఒక మగ గొంతు, ఆయాసపడుతూ. "టైర్లలో గాలి లేదు, తోసుకొస్తున్నా. రేపొస్తుంది ఆవిడ."

"కెల్తూమేనా? మా చెల్లెలి పిల్లకి పేరు పెడుతున్నాం, కుస్కుస్ కావాలని చెప్పు!" ఇది కిటికీలోంచి ఎవరో.

"చెప్తాను. రేపొస్తుంది."

"చెయ్యి బాగైందా? ఇదిగో, ఈ రొట్టె పెట్టెలో పెట్టుకో, వేడిది."

"అల్లా మేలు చెయ్యాలి ఖాల్తీ. రేపొస్తుంది."

గుమ్మం గుమ్మం దగ్గరా ఆగుతున్నాడు. ఆపుతున్నారు. కొట్టులోంచి ఇంటికి వాడు మోటారు బండి మీద ఎన్నిసార్లు వచ్చాడో, ఒక్కరూ ఆపలేదు. ఇవాళ ఈ సందు దాటడానికే పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు వేళ దాకా పట్టేలా ఉంది. కెల్తూమ పిట్టగోడ పట్టుకుని వంగింది. మలుపు తిరిగి మొదట వచ్చింది ముదురెరుపు చక్రం. ఆ వెనక చెమటతో తడిసిన చొక్కా, రొట్టెలూ కొత్తిమీరా ఇంకా ఏవేవో నిండిపోయిన నీలం పెట్టె, దాన్ని పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని లహుసీన్.

పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలి ఇజ్జా కర్ర అడ్డం పెట్టి వాణ్ణి ఆపింది. "ఒరే, ఇది ఎవరికో ఇచ్చేస్తున్నారన్నారు? వ్యానొస్తోందన్నారు?"

"ఎవరన్నారు అవ్వా?" అన్నాడు వాడు, తనే ఆ మాట కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పినవాడు. "ఇది మా అమ్మ సైకిల్."

బట్టలు డాబా మీదే ఉండిపోయాయి. కెల్తూమ మెట్లు రెండేసి చొప్పున, చెప్పుల్లేని కాళ్ళతో, చప్పుడు చేసుకుంటూ దిగుతోంది. ఆ చప్పుడు తలుపు అవతల వాడికి వినబడింది.

"మెల్లిగా యమ్మా!" అని లహుసీన్ వీధంతా అదిరేలా అరిచాడు. "పడతావు!"